గుట్ట మీది చెలక

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా అమ్మాయి తన ఫోను నా చేతిలో పెట్టి, ఆకాశం నుంచి మన ఊళ్లు ఎలా ఉంటాయో చూడమంది. ముందుగా వికారాబాద్‌లోని మా ఇల్లే చూపించింది. మా డాబా, దాని మీద నల్లటి నీళ్ల ట్యాంకు, ఆ పక్కన ఏదో ఎర్రగా కనిపిస్తే నేను ఆరేసిన చీర అని నేను, కాదు పక్కింటివాళ్ల రేకుల షెడ్డని తను, కాసేపు వాదించుకున్నాం. తర్వాత రైలు పట్టాల వెంబడి వేలితో జరుపుకుంటూ పోయింది. అనంతగిరి అడవి పచ్చగా వచ్చి పోయింది, ధారూరు పోయింది, రుక్మాపూర్ పోయింది. తాండూరు దగ్గర పడేసరికి పచ్చదనం పలచబడి, నేలంతా సున్నం చిందినట్టు తెల్లమచ్చలు, వాటి మధ్యలో నీలమూ ఆకుపచ్చా కలిసిన చదరపు నీళ్లు కనిపించాయి. "ఇన్ని చెరువులా అమ్మా?" అంది. చెరువులు కావు, బండలు తీసిన గుంతలు అన్నాను. ఆ తెలుపులో నేనొక చోటు కోసం వెతకడం మొదలుపెట్టాను. ఏం వెతుకుతున్నావని అమ్మాయి అడిగింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ గోడకు పటం వేలాడదీసి, చేతిలో బెత్తంతో నదులూ పర్వతాలూ చూపించి సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని. ఆ పటాల్లో తాండూరు ఒక చుక్క. నేను వెతుకుతున్నది ఆ చుక్కకు ఆనుకుని ఉన్న ఒక చిన్న ఊళ్లో, ఒక రాళ్లగుట్ట మీద, మా పెద్దమ్మ చెలక, అంటే వానల మీద పండే మెట్ట చేను.

తాండూరు వైపు ఎప్పుడూ వెళ్లనివాళ్లకు ఆ ఊళ్ల సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ నేల మీద మట్టి పలచగా ఉంటుంది. దాని కింద నాపరాయి, ఒక బండ మీద ఒక బండ, దుప్పట్లు మడతపెట్టి పేర్చినట్టు ఉంటుంది. కొన్నిచోట్ల నీలం, కొన్నిచోట్ల పసుపు. మన ఇళ్లలో, బడుల్లో, రైలు స్టేషన్లలో, ఆసుపత్రి వరండాల్లో కాళ్ల కింద చల్లగా తగిలే బండలు చాలావరకు అక్కడివే. ఆ ఊళ్లలో మాత్రం బండ కాళ్ల కిందే ఉండదు. గోడ బండ, కప్పు బండ, పశువుల తొట్టి బండ, బట్టలుతికేది బండ, చేను గెట్టున నిలువుగా పాతినవీ బండలే. చిన్నప్పుడు సెలవులకు వికారాబాద్ నుంచి పాసింజరు బండి ఎక్కి వెళ్లేదాన్ని. బండి దిగగానే ముందు వినిపించేది కోత మిషన్ల రంపపు చప్పుడు. అది పొద్దున్న మొదలైతే సాయంత్రం దాకా ఆగేది కాదు. ఆగిన రోజున ఊళ్లో అందరూ ఎవరు పోయారని అడిగేవారు. మిషన్ల దగ్గర బండను నునుపు చేసేటప్పుడు కారే తెల్లటి బురద నీళ్లు వీధి కాలువల్లో పాలలాగా పారేవి. లారీల దుమ్ము కంది ఆకుల మీద పడి, వాన వచ్చేదాకా ఆ చేలకు జుట్టు నెరిసినట్టు ఉండేది. సంతలో సగం తెలుగు, కొంత ఉర్దూ, మిగిలింది కన్నడం. బేరం చేసేవాడు ఏ భాషలో మొదలుపెట్టినా ముగింపు మాత్రం చేతివేళ్ల మీదే జరిగేది.

ఇక భూగోళం. నేను కొత్తగా టీచరైన రోజుల్లో, కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉండేదనీ, దాని అడుగున పేరుకున్న సున్నమే ఈ రాయి అయిందనీ మా పెద్దమ్మకు గొప్పగా చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ నావైపు జాలిగా చూసింది. "సముద్రమా? గంత నీళ్లుంటె ఎండకాలం బిందెడు నీళ్లకు మాకు గింత తిప్పలెందుకే?" అంది. నా పాఠం అక్కడితో అయిపోయింది. ఆ ఊరి కొండలు కూడా దేవుడు చేసినవి కావు. గనిలోంచి పనికొచ్చే బండ పైకి తీశాక మిగిలిన ముక్కలన్నీ పక్కన పోసేవారు. పోయగా పోయగా అవి గుట్టలయ్యాయి. నిరుడు లేని గుట్ట ఈ ఏడు ఉండేది. నిరుడు నడిచిన దారి ఈ ఏడు ఉండేది కాదు. సెలవులకు వెళ్లిన ప్రతిసారీ స్టేషన్ నుంచి పెద్దమ్మ ఇంటికి దారి ఎవరినో ఒకరిని అడగాల్సి వచ్చేది. నాకది ఎంతో ఇష్టంగా ఉండేది. ఊరు నిద్రలో పక్కకు తిరిగి పడుకున్నట్టు అనిపించేది.

మా పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పుట్టిల్లు బొంరాస్‌పేట వైపు. తరాలుగా మట్టిని నమ్ముకుని సేద్యం చేసిన ఇల్లు. పెద్దనాయన మాత్రం రాతిమనిషి. ఊహ తెలిసినప్పటి నుంచి గనుల్లోనే. పలుగు మొన బండల సందులో దూర్చి, ఒక్కసారి మోకాలు వంచి లేపాడంటే గడప అంత బండ తలుపు తెరిచినట్టు లేచేది. పెళ్లయిన కొత్తలో ఆమె ఆయన్ని అడిగిందట, నువ్వు బతుకంతా భూమి మీదున్న మట్టిని పారేసి రాయిని ఇంటికి తెచ్చుకుంటావేమిటని. ఆయన నవ్వి, "మన్నుదేముంది, గాలికొస్తది, వానకు పోతది. బండ గట్ల గాదు, ఉన్న కాడ్నే ఉంటది" అన్నాడట. ఈ వాదన వాళ్లిద్దరి మధ్య నేను పుట్టక ముందు మొదలై, నేను పెళ్లి చేసుకుని పిల్లల తల్లినయ్యేదాకా సాగింది. రోజూ అన్నం తిన్నాక కాసేపు దాని మీద పోట్లాడుకుంటేనే వాళ్లకు నిద్ర పట్టేదని మా అమ్మ అనేది. ఆయన గనికి పోతే ఆమె చెలకకు పోయేది. ఊరి చివర వాళ్లకు కాస్త చెలక ఉండేది. జానెడు లోతు మట్టి, కింద రాయి. అందులో కంది తప్ప ఇంకేదీ సరిగ్గా రాదు. కంది మాత్రం అద్భుతంగా వచ్చేది. దాని వేరు రాతి సందులు వెతుక్కుంటూ పోయి, అక్కడెక్కడో దాక్కున్న తడిని పట్టుకుంటుంది. ఆ పప్పు ఉడికేటప్పుడు వచ్చే వాసన మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు. మా అమ్మ చేతి మహిమ తక్కువని పెద్దమ్మ అనేది, చెలక మహిమ ఎక్కువని అమ్మ అనేది.

ఆమెకు ఆ చెలక మీద ఉన్నది ప్రేమ అంటే సరిపోదు. పొద్దున్నే అక్కడికి పోయి గెట్టు మీద కూర్చుని మట్టి పిడికిట పట్టి నలిపి చూసేది. ఏం చూస్తున్నావంటే ఏమీ లేదనేది. పశువుల ఎరువు, పొయ్యి బూడిద, చెరువు పూడిక, ఎక్కడ ఏం దొరికినా గంపకెత్తుకుని అక్కడ పోసేది. అలా చాలా ఏళ్లు పోశాక ఆ మట్టి చుట్టుపక్కల మట్టిలా లేదు. నల్లగా, వదులుగా, వాన పడితే మినప్పిండిలా పొంగేది. చుట్టూ చేలు ఒక్కొక్కటే గనులకు పోతున్నప్పుడు, నా చెలక జోలికి మాత్రం ఎవరూ రావద్దని ఊరంతా వినేలా చెప్పి పెట్టుకుంది. ఎవరూ రాలేదు కూడా. కానీ ఒకపక్క చేను గని అయింది. తర్వాత రెండోపక్క, మూడోపక్క. ఆ తర్వాత బండి బాట ఉన్న పక్క కూడా తవ్వేశారు. చివరికి ఆ చెలక నాలుగువైపులా గుంతల మధ్య ఒక దీవి అయింది. ఎద్దులు పోవడానికి దారి లేదు, నాగలి పోవడానికి దారి లేదు. వానాకాలం గుంతలు నిండితే ఆమె గెట్టు అంచున కొంగు నడుముకు దోపుకుని, ఒక్కో అడుగు తడుముకుంటూ పోయి కలుపు తీసి వచ్చేది. ఒక ఏడు ఆ అంచు కూడా విరిగి నీళ్లలో పడింది. అదృష్టం, అప్పుడామె దాని మీద లేదు.

ఆ తర్వాత ఇంట్లో ఆ వాదన నవ్వులాటగా మిగల్లేదు. పెద్దనాయనకు అప్పటికే నడుము పోయింది, బరువులు ఎత్తవద్దన్నారు. చుట్టూ తవ్వేశాక మధ్యలో మిగిలిన ఆ ముక్క ఎలాగూ వానలకు విరిగి పడుతుందనీ, ఉన్నప్పుడే గనికి ఇచ్చేస్తే మంచిదనీ ఆయన మెల్లగా చెప్పాడు. ఆమె రెండు రోజులు పొద్దున్నే గుంత అంచున నిలబడి చెలకను చూసి వచ్చింది. మూడో రోజు పొద్దున్న గని పట్టే కాంట్రాక్టరును ఇంటికి పిలవమంది. ఆయన సేడం వైపు మనిషి, పెద్ద పొట్ట, మంచి నవ్వు. మాట సగం కన్నడంలో మొదలై తెలుగులో ముగిసేది. ఆ రోజు నేను కూడా అక్కడే ఉన్నాను. పెద్దమ్మ గడప దగ్గర నిలబడి ఒకే ఒక్క షరతు పెట్టింది. మామూలుగా గని తెరిచేటప్పుడు ముందు పైమట్టి తీసి ఒక పక్కకు నెడతారు, ఆ తర్వాత దాని మీదే రాళ్లు పోస్తారు. మట్టి అడుగుకు పోతుంది, రాయి పైకొస్తుంది. ఆమె అలా కుదరదంది. మట్టి మొత్తం విడిగా తీసి, విడిగా పోసి, తనకు అప్పగించాలంది. ఆయనకు అర్థం కాలేదు. "మణ్ణు యాకమ్మా? మణ్ణు తీస్కొని మీరేం చేస్తరు?" అన్నాడు. "బండ నీదనుకో. మన్ను నాది. దాని మీద నీ రాయి ఒక్కటి పడ్డా నేను వచ్చి గుంతల కూసుంట, మిషన్ నడువనియ్య" అంది. ఆయన పెద్దనాయన వైపు చూశాడు. పెద్దనాయన పైకప్పు వైపు చూశాడు. కాంట్రాక్టరు నవ్వుకుంటూ ఒప్పుకుని పోయాడు.

అన్న మాట ప్రకారం ఆయన మట్టి విడిగానే పోయించాడు. ఇంటి వెనక దొడ్డిలో అది చిన్న కొండలా ఉండేది. ఎవరూ దాని మీద చెత్త పోయకుండా పెద్దమ్మ సొరపాదు, బీరపాదు ఎక్కించింది. కొన్నేళ్లకు వాళ్ల చెలకలో సగం లోతైన గుంత అయింది, మిగతా సగం, లారీలకు గుంతకు అడ్డంగా బాట పూడ్చి, మీద రాళ్లు పోసి పోసి గుట్ట అయింది. తర్వాత మంచి బండ అయిపోయి, అడుగున నీళ్లు ఊరి, కాంట్రాక్టరు తన మిషన్లు ఎత్తుకుని ఇంకో చోటుకు పోయాడు. గుంత నిండి నీలంగా మెరిసింది. గుట్ట తెల్లగా నిలబడింది. అప్పుడు మా పెద్దమ్మ అసలు సంగతి బయట పెట్టింది. గుట్ట తలను చదును చేయిస్తుందట, దొడ్లో ఉన్న మట్టి పైకి మోయిస్తుందట, అక్కడ కంది వేస్తుందట. భూమి మాదే, కిందనున్నప్పుడు కింద వేసిన, ఇప్పుడు మీదికి పోయింది గనక మీద వేస్త, ఇందుల వింతేముంది అని అడిగింది. పెద్దనాయన ఆ రోజు నవ్వినట్టు ఎన్నడూ నవ్వలేదని చెప్పుకునేవారు. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడట.

ఆ వేసవిలో మట్టి గుట్ట ఎక్కింది. అక్కడ ఆడవాళ్లు ఒకరి చేలో ఒకరు పనిచేసి బాకీ తీర్చుకునే పద్ధతి ఉంది. అన్నేళ్లుగా పెద్దమ్మ అందరి చేలల్లో కలుపు తీసింది కాబట్టి ఇప్పుడు అందరూ వచ్చారు. వరుసగా నిలబడి గంపలు చేతులు మార్చుకుంటూ పైకి పంపేవారు. నేనూ సెలవుల్లో వెళ్లి కొన్ని గంపలు మోశాను, తర్వాత చాలాసేపు నీడన కూర్చుని పర్యవేక్షించాను. పైకి వెళ్లి చూస్తే తాండూరంతా కనిపించేది. తెల్లటి ఊరు, నీలం గుంతలు, దూరంగా కాగ్నా వాగు గీత, పొగలాంటి దుమ్ములోంచి వచ్చే రైలు. మధ్యలో మా కాళ్ల కింద మాత్రం నల్లటి మట్టి. అదంతా నాకు ఇప్పటికీ కలలో చూసినదానిలాగే గుర్తుంది, కాళ్ల నొప్పులు ఒక్కటే నిజం. మృగశిర వాన పడింది. ఒక్క వానే. పొద్దున్న లేచి ఎక్కి చూస్తే మట్టి సగానికి సగం లేదు. రాళ్ల మధ్య సందుల్లోంచి కిందికి దిగిపోయింది. గుట్ట దాన్ని తాగేసింది. పెద్దమ్మ అక్కడే కూలబడి, "మింగింది, నా మన్నంత మింగింది" అంటూ గుండెలు బాదుకుని ఏడ్చింది. చెలక పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు. ఇంకో రెండు వానలు పడితే ఆమె బతుకంతా తయారుచేసుకున్నది మళ్లీ దొరకదు. అది చూస్తున్న అందరికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు, పెద్దనాయన కూడా.

మర్నాడు ఆయన ఎవరికీ చెప్పకుండా పలుగు పట్టుకుని గుట్ట ఎక్కాడు. నడుముకు బట్ట బిగించి కట్టుకున్నాడు. మిగిలిన మట్టిని తాటాకు చాపల మీదికి ఎత్తించి ఒక పక్కన కప్పి ఉంచి, గుట్ట నిండా పడి ఉన్న వంకర ముక్కల్లోంచి ఒక్కొక్కటీ ఏరి, అంచుకు అంచు కలిపి పరచడం మొదలుపెట్టాడు. మట్టి జారకుండా అడుగున బండలు. బతుకంతా మట్టి కిందనున్న బండను పైకి తీసిన మనిషి, ఇప్పుడు బండను తిరిగి మట్టి కింద పరిచాడు. వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. అందుకని కూర్చునే పని చేసి, కూర్చునే పక్కకు జరిగేవాడు. పెద్దమ్మ కిందనుంచి నెత్తీ నోరూ కొట్టుకుని దిగిరమ్మంటే వినలేదు. చివరికి ఆమే అన్నం కట్టుకుని పైకి వెళ్లేది. వాళ్లిద్దరూ ఒకే చోట, ఒకే పని మీద ఉండడం పెళ్లయ్యాక అదే మొదటిసారి అనుకుంటాను.

పరవడం పూర్తయ్యాక ఊరివాళ్లు వచ్చి చూసి మెచ్చుకున్నారు. అంత చక్కని గచ్చు పెళ్లి ఇళ్లలో కూడా ఉండదన్నారు. మట్టి తిరిగి పోశారు, కంది విత్తారు. పెద్ద వాన వచ్చింది. నీళ్లు అందంగా, ఒద్దికగా, ఎక్కడా నిలవకుండా ఒక మూలకు పోయి, అక్కడి నుంచి కొంత మట్టిని విత్తనాలతో సహా తీసుకుని గుంతలోకి దూకాయి. సంగతేమిటంటే పెద్దనాయన అలవాటు కొద్దీ వాటం పెట్టాడు, అంటే ఒక మూలకు పల్లంగా పరిచాడు. ఇంటి వాకిట్లో కడిగిన నీళ్లు పోయేందుకు పెట్టినట్టే చెలకకు కూడా వాటం పెట్టాడు. రాతిపని చేసిన చేయి తప్ప ఎవరి చేయీ చేయని పొరపాటు అది. టీ కొట్టు దగ్గర ఆయన్ని నిలబడనివ్వలేదు. "చెలకకు గచ్చు చేసినవంట, మరి తలుపులు, కిటికీలు ఎప్పుడు పెడ్తవ్?" అని ఒకరు, గృహప్రవేశానికి పిలవమని ఒకరు. పెద్దమ్మ మొదట తిట్టింది. "ఇది వాకిలి గాదయ్యా, చెలక! నీళ్లు నిలవాలె. నువ్వు కడిగి ఎత్తిపోసుకునేటట్టు చేసినవ్." ఆయన తన రెండు చేతులూ చూసుకుని, "చేతులకు గదే వస్తది, నేనేం చెయ్యాలె?" అన్నాడు. అంతే, ఆమెకు నవ్వు వచ్చింది. నాకు గుర్తున్నంతలో ఆ ఇంట్లో రాయికీ మట్టికీ ఆ రోజే రాజీ కుదిరింది.

మళ్లీ మట్టి ఎత్తారు. మళ్లీ బండలు లేపారు. ఈసారి ఆమె పైన నిలబడి చెబితే ఆయన పరిచాడు. సమంగా ఉండాలి, వాటం ఉండకూడదు. చుట్టూ అంచున బండలు నిలబెట్టాలి. కంది సాలు వచ్చే చోట వేలు పట్టేంత సందు వదలాలి, వేరు దిగడానికి. అంత వెడల్పు సందు వదలడానికి ఆయనకు చేతులు రాలేదు. పనితనం తెలిసినవాళ్లు నవ్విపోతారని బాధపడ్డాడు. మట్టి కింద ఎవరు చూస్తారయ్యా అని ఆమె అంది. సందుల్లో గడ్డి, పీచు కూరారు. ఒక బండ దగ్గర మాత్రం గొడవ పెద్దదైంది. అది ఎత్తుగా ఉందని ఆమె, లేదని ఆయన. చివరికి ఆయన మాటే నెగ్గింది, ఎందుకంటే అప్పటికి దాన్ని మళ్లీ లేపే ఓపిక ఎవరికీ లేదు. తిరిగి పోయడానికి మట్టి సగం కూడా మిగలలేదు కాబట్టి ఎరువూ పూడికా కలిపి లోతు పెంచారు. ఆ ఏడు కంది ఆలస్యంగా వేశారు, అయినా నిలిచింది. చలి మొదలయ్యేసరికి గుట్ట తల మీద పసుపుపచ్చగా పూసింది. నేను వికారాబాద్ నుంచి వెళ్తుంటే రైల్లోంచే కనిపించింది. చుట్టూ తెల్లటి రాళ్లు, పైన ఆకాశంలో వేలాడుతున్నట్టు ఒక పూల చేను. పెట్టెలో ఎవరో ముసలాయన అదేమిటని అడిగాడు. మా పెద్దమ్మ చెలక అన్నాను. కనుమరుగయ్యేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. వాళ్లు వెళ్లే ఊరి చర్చిలో, తొలి పంట అర్పించే కోత పండుగ రోజు ఆమె మొదటి కందులు చేటలో తీసుకుపోయి దేవుని ముందు పెట్టింది. పెద్దనాయన కొత్త చొక్కా వేసుకుని, ఎవరూ అడక్కుండానే, అడుగున పరిచింది నేనే అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు.

ఆ తర్వాత ఎన్నో పంటలు వచ్చాయి. ఏటా ఒక చిన్న సంచి పప్పు మా ఇంటికి వచ్చేది. ఒక వేసవిలో, కంది కోసేసి చెలక ఖాళీగా ఉన్నప్పుడు, పెద్దనాయన పోయాడు. మధ్యాహ్నం పడుకున్నవాడు లేవలేదు. నేను కబురందుకుని మొదటి బండికి వెళ్లేసరికి ఇంటి ముందు జనం, మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. చర్చి వెనక సమాధుల తోటలో గొయ్యి తవ్వుతున్నారు. అక్కడ కూడా రాయే. పలుగులతో కొట్టి తీయాలి, తీసినదంతా రాతి ముక్కలే, వాటినే తిరిగి పైన కప్పుతారు. అందరికీ అలాగే చేస్తారు. పెద్దమ్మ అప్పటిదాకా శవం పక్కన కదలకుండా కూర్చుంది. పలుగుల చప్పుడు విని లేచి, గొయ్యి పని చూస్తున్న చర్చి పెద్ద దగ్గరికి వెళ్లి, గొయ్యి నింపడానికి గుట్ట మీది మట్టి తెప్పిస్తానంది. ఆయన మంచివాడు, కానీ పొద్దుపోతోందని తొందరలో ఉన్నాడు. "మట్టి ఏడిదైతేంది అక్కా, అంత దేవునిదే గదా" అన్నాడు. "దేవునిదే, కాదంటలేను" అంది. "బతికినన్ని రోజులు రాయే మోసిండు. ఇప్పుడన్న జర మెత్తగ ఉండనీ." ఆయన తల వంచుకుని, తవ్వేవాళ్లను ఆగమన్నాడు.

ఒకప్పుడు మట్టిని పైకి మోసిన ఆడవాళ్లే గంపలు తీసుకుని మళ్లీ గుట్ట మీద వరుసగా నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు. కొందరికి వయసు మళ్లింది, కొందరి బదులు కోడళ్లు వచ్చారు. ఈసారి మట్టి కిందికి దిగింది. పాస్టరుగారు ప్రార్థన చేశాక మేమంతా పిడికిళ్లతో మట్టి వేశాం. నల్లగా, వదులుగా, చప్పుడు లేకుండా పడింది. సమాధిలో మట్టి పడేటప్పుడు రాళ్ల చప్పుడు వినడం అలవాటైన ఆ ఊరికి ఆ నిశ్శబ్దం కొత్త. నేను బాగా ఏడ్చాను. పెద్దమ్మ ఏడవలేదు, గంప బోర్లించి చివరి మట్టి కూడా దులిపింది.

రెండు రోజుల తర్వాత ఆమెతో గుట్ట ఎక్కాను. మట్టి ఎత్తిన చోట, చెలక మధ్యలో, ఒక మంచం వెడల్పున బండలు బయటపడి ఉన్నాయి. పెద్దనాయన పరిచినవి. అన్నేళ్లు మట్టి కింద ఉన్నా అంచులు కలిసినట్టే ఉన్నాయి, ఆయన ఇష్టం లేకుండా వదిలిన సందుల్లో పాత కంది వేర్లు ఎండి ఉన్నాయి. పక్క మట్టి లాగి కప్పుదామా అని అడిగాను. "ఉండనీ బిడ్డా, జర కనబడనీ" అంది. కొంగుతో ఆ బండల మీది దుమ్ము దులిపింది. తర్వాత కూర్చుని అరచేత్తో ఒక్కొక్కటీ తడిమింది. ఒక బండ దగ్గర చేయి ఆగింది. "చూడు, ఇది ఎత్తే ఉన్నది. గప్పుడే చెప్పిన, వినలే" అంది, అప్పుడు ఏడ్చింది. ఆ ఏడు వానలు పడ్డాక ఆ చోటు వదిలి చుట్టూ కంది వేసింది. పూతలో ఉన్నప్పుడు వెళ్తే పచ్చటి మొక్కల మధ్య ఆ నీలం గచ్చు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఆమె ఉన్నన్నేళ్లూ దాని మీద ఒక్క గంప మట్టి పడనివ్వలేదు. కాలం అన్నిటినీ కప్పుకుంటూ పోతుందని నాకు తెలుసు, బడిలో నేను చెప్పిన పాఠాలన్నీ అవే. మా పెద్దమ్మ మాత్రం దాన్ని ఒక మంచం వెడల్పున ఆపింది.